రాణిగారి కిటికీ

"ఇక్కడే, ఈ రాతి పీట మీదే కూర్చుని రాకుమారి తన ప్రియుడి కోసం ఎదురుచూసేది," అన్నాడు గైడు, గొంతులో కావలసినంత తడి పెట్టి. "ఈ కంతలోంచి తాడు జారవిడిచేది. అతను ప్రాణాలకు తెగించి ఎక్కి వచ్చేవాడు."

కొత్తగా పెళ్ళైన జంట ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పెళ్ళికూతురి కళ్ళు చెమర్చాయి.

"అది మరుగుదొడ్డి," అంది వెనకనుంచి ఓ గొంతు.

అందరూ తిరిగి చూశారు. నెత్తిన పసుపుపచ్చ హెల్మెట్, చేతిలో టేపు, మోచేతుల దాకా సున్నం. కూలుతున్న గోడలను నిలబెట్టడానికి వచ్చిన ఇంజనీరమ్మాయి.

"గోడ బయటికి పొడుచుకొచ్చిన గది, కంతున్న పీట, కంత కింద లోయ. కోటలో ఇలాంటి గది ఇంకెందుకు కడతారండీ? ప్రియుడు దీంట్లోంచే వచ్చుంటే, రాకుమారి ముందు అతనికి స్నానం చేయించి ఉంటుంది."

పీట మీదున్న పెళ్ళికొడుకు చటుక్కున లేచాడు. 

ఆ కోటలో మిగిలినవి మొండిగోడలు, పైకప్పు లేని హాలు, ఎండిన బావి, ఈ గది. మొదటి మూడింటి కోసం కొండెక్కేవాడు లేడు. ఈ గదికి రాణిగారి కిటికీ అని పేరుపెట్టి కథ అల్లింది గైడు తండ్రి. ఆయన పోయాక కొడుక్కి దక్కిన ఆస్తి అదొక్కటే. కొడుకు దానికి ఓ పావురాన్నీ, ఓ విలన్ మంత్రినీ చేర్చి పెంచి పోషించాడు.

ఆ రోజునుంచి ఇద్దరికీ రోజూ యుద్ధమే.

"గైడుగారూ, ఇవాళ పావురం ఎటు ఎగిరింది?"

"మీ సున్నం ఘాటుకి వలస పోయింది మేడమ్."

వానొస్తే మాత్రం సంధి. కోట మొత్తానికి కప్పున్న చోటు ఆ గది ఒక్కటే. పీటకు చెరో పక్క ఒదిగి నిలబడి, ఆమె ఫ్లాస్కులోని టీ పంచుకునేవారు. అలాంటి ఓ వానలోనే ఆమె కోట అసలు చరిత్ర చెప్పింది. ఎంతకాలం ముట్టడించినా గోడకు బీట పడలేదట. చివరికి శత్రు సైనికులు ఈ కంతలోంచే పాకుతూ పైకి వచ్చారట.

"అంత కోటా కక్కసులోంచి పోయిందన్నమాట," అని గైడు పడీపడీ నవ్వాడు. అతను నవ్వుతుంటే ఆమె చూసిన చూపు అతని నిద్ర పాడుచేసింది.

ఆమె పని ముగింపుకొచ్చింది. అతను ధైర్యం చేశాడు.

"మీరంటే నాకిష్టం. ఇది కథ కాదు."

"నాకెలా తెలుస్తుంది?" ఈసారి ఆమె నవ్వలేదు. "పావురం గురించి చెప్పినప్పుడూ మీ గొంతు ఇలాగే వణికింది. రేపు ఇక్కడ అసలు చరిత్ర రాసి బోర్డు పెడుతున్నాను. ఎల్లుండి వెళ్ళిపోతున్నాను."

కింద టికెట్లిచ్చే అతని తల్లి ఆ సాయంత్రం కొడుకు మొహం చూసి సంగతి కనిపెట్టింది.

"నీ మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు," అంది.

మర్నాడు జనం బాగా వచ్చారు. బోర్డు ఇంకా గోడకు ఆనించే ఉంది. వెనక ఇంజనీరమ్మాయి డ్రిల్లు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు నిజం చెబితే కథ పోతుంది, కథతో బతుకుతెరువూ పోవచ్చు. చెప్పకపోతే ఆమె పోతుంది.

"ఇది మరుగుదొడ్డి," అన్నాడు గైడు. "రాకుమారి మా నాన్న కల్పన. పావురం నాది."

కొందరు నవ్వారు. కిందటేడు అక్కడే ఉంగరాలు మార్చుకున్న జంట ఒకటి అలిగి కొండ దిగిపోయింది. అతను ముట్టడి కథంతా చెప్పి, ఊపిరి పీల్చుకున్నాడు.

"ఇంకో నిజం. కోట మొత్తంలో ఇంతకంటే సిగ్గుచేటైన చోటు లేదు కాబట్టి, ఇక్కడే చెబుతున్నాను. ఈ మేడమ్ వెళ్ళిపోతే ఈ గోడలు నిలుస్తాయి, నేను నిలవను."

ఆమె డ్రిల్లు కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"గొంతు వణకలేదే?"

"భయంతో ఎండిపోయింది."

"అయితే నమ్ముతాను. రా, బోర్డు అటు పక్క పట్టుకో," అంది. మొదటిసారి నువ్వు అన్నందుకు అతను బోర్డును తలకిందులుగా పట్టుకున్నాడు.

సాయంత్రం తల్లి ఆయాసపడుతూ కొండెక్కి వచ్చి, బోర్డు మొత్తం చదివింది. కొడుకు తల దించుకున్నాడు.

"నాన్న కథ నా నోటితోనే చెరిపేశానమ్మా."

"ఆ కథ జనం కోసం అల్లింది కాదురా, నా కోసం అల్లాడు. ఈ పీట మీద కూర్చోబెట్టే నన్ను పెళ్ళికి అడిగాడు. కంత చూడగానే అదేమిటో నాకు అర్థమైపోయింది."

"మరెందుకు ఒప్పుకున్నావు?"

"పాపం, నాకోసం ఒక రాకుమారినే కల్పించాడు. మనిషి మంచివాడైతే చోటుదేముంది?"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని ఇంజనీరమ్మాయి వైపు తిరిగింది.

"నువ్వు నయమమ్మా. ముందు బోర్డు పెట్టించి, తరవాత ఒప్పుకున్నావు."