శంకువు దగ్గర పిలుపు

భావనపాడు రేవుకి ఇవతల, గౌరీశ్వరి వాళ్ల జీడితోట చివర చుక్కల మేడ ఉంది. పాత జమీందారు ఎవరో సూర్యుణ్ణీ చుక్కల్నీ కొలవడానికి కట్టించాడు. కప్పు ఏ తుఫానుకో ఎగిరిపోయింది. మిగిలినవి మొండి గోడలూ, ముంగిట్లో పాతిన శంకువు అనే నిలువు రాయీ. దాని నీడను బట్టే ఆయన కాలం లెక్కకట్టేవాడట.

ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం ఆ రాతికి నీడ ఉండదు. ఆ క్షణాన ముంగిట్లో ఎవరున్నా కదలకూడదు, నోరు మెదపకూడదు. ఇంటి పెద్దావిడ పేరు పెట్టి పిలవాలి. అప్పుడే లోపలున్నవాళ్లు 'ఊ' అని బయటికి రావాలి. "పిలవకపోతే నీడ తిరిగొత్తాది గానీ, అది మనది కాదే గౌరీ" అనేది అత్తగారు సూరమ్మ. ఆవిడ పోయాక ఆ పిలుపు గౌరీశ్వరిది.

వైశాఖం ఎండ. గౌరీశ్వరి జీడిపిక్కలు ఎండబోస్తుంటే మనవరాలు ఫోను పట్టుకుని మేడవైపు పరుగెత్తింది. "నీడ మాయమైపోద్దంట మామ్మా, వీడియో తీత్తాను!"

"వద్దే పిల్లా, ఆగు!" గౌరీశ్వరి వెనకాలే వెళ్లి ముంగిటి బయట ఆగింది.

"పిలవడానికి నువ్వున్నావు కదేటి! నిన్న మర్సిపోయి కూరలో రెండుసార్లు ఉప్పేసినట్టు, రెండుసార్లు పిలిసెయ్యగలవు!" నవ్వుతూ రాయి పక్కన నిలబడి పెదాలు బిగించింది.

నీడ కుంచించుకుపోయింది. రాయి మొదట్లో గోరంత మిగిలింది... అదీ పోయింది. చిమ్మెటల రొద ఆగింది. అలల హోరు ఆగింది. కాలిన జీడితొక్కల ఘాటు ముక్కుకి తగిలింది. తోటలో పొయ్యి ఎక్కడా లేదు.

గౌరీశ్వరి నోరు తెరిచింది.

పేరు రాలేదు.

తను పెట్టిన పేరే. బారసాల నాడు ఆ చెవిలో తనే చెప్పిన పేరు. ఏటది... పిల్ల కళ్లలో నవ్వు ఆరిపోతోంది. నీడ వచ్చేస్తుంది... ఏదో ఒకటి... నాలిక మీదికి ఒక్కటే వచ్చింది.

"సూరమ్మా!"

"ఊ."

పిల్ల పెదాలు బిగిసే ఉన్నాయి.

రాయి అవతల సన్నగా నీడ మొలిచింది. పిల్ల మెల్లగా నడిచి వచ్చింది. కిందపడిన ఫోను వైపు చూడనైనా లేదు.

మసకబడింది. సంతకెళ్లిన కోడలు మంగ ఇంకా రాలేదు. ఇంటి గుమ్మంలో పిల్ల తలొంచుకుని పిక్కలు ఏరుతోంది. అప్పుడు, ఎవరూ అడగకుండానే, గౌరీశ్వరికి పేరు గుర్తొచ్చింది.

"శ్రావణీ!"

ఎదురుగా ఉన్న పిల్ల తలెత్తలేదు.

"ఊ... మామ్మా..."

చీకటి తోటలోంచి వచ్చింది ఆ గొంతు. మేడ వైపు నుంచి. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

గౌరీశ్వరి గుమ్మం దిగబోయింది. చల్లటి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

"తలుపేసెయ్ గౌరీ," అంది పిల్ల, రహస్యంగా. "దాని ఎనకాల ఇంకెవులో వత్తన్నారు."