పెత్రమాస ఫోటో

పెత్రమాస, పెద్దల అమావాస్య పొద్దు. అమీర్‌పేటలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో గుమ్మడికాయ కూర ఉడుకుతోంది. రుద్రమ్మ స్నానం చేసి, పెద్దల పేరున ఇవ్వాల్సిన బియ్యాన్ని విస్తరిలో పోసుకుని కూర్చుంది. కొడుకు విజయేందర్ పంజాగుట్టలో ఫ్రేము కట్టించుకొచ్చిన తండ్రి ఫోటోను గోడకు ఆనించి, పైన చుట్టిన కాగితం తీశాడు.

రుద్రమ్మ చెయ్యి బియ్యంలోనే ఆగిపోయింది.

“గీయనెవరు?”

విజయేందర్ నవ్వాడు. “గదేందమ్మా, నాయననే.”

“కాదు.”

కోడలు దివ్యశ్రీ గరిటెతోనే వంటింట్లోంచి వచ్చింది. “అద్దాలు పెట్టుకోని చూడు అత్తమ్మా. నీ పెట్టెల ఉన్న చిన్న ఫోటోనే. స్కాన్ చేస్తే మొఖం నిండ దుమ్ము చుక్కలే. కంప్యూటర్ల అన్నీ తుడిచిన. ఆదివారమంతా దానికే పోయింది.”

“దుమ్మా?” రుద్రమ్మ లేచింది. విస్తరి ఒరిగి బియ్యం బండల మీద పడ్డాయి. “అవి అమ్మవారు పోసిన మచ్చలు. ఆయనకు చిన్నప్పుడే పోసింది. గవ్వి తుడిచినంక అండ్ల ఎవరున్నరు?”

దివ్యశ్రీ గరిటె దించింది. భర్త వైపు చూసింది.

“నేనే తుడువుమన్న” అన్నాడు విజయేందర్. “అయినా మంచిగనే ఉన్నడు గదనే. గిప్పుడు మచ్చలెవరడుగుతరు?”

“నేనడుగుత. మీ నాయనకు మచ్చలున్నయని నీకు తెల్వదారా?”

“ఎట్ల తెలుస్తది?” అతని గొంతు లేచింది. “నాయన పోయిననాడు నాకు రెండేండ్లు. అడిగినప్పుడల్లా కొంగు మొఖానికి పెట్టుకోని లోపలికి పోయినవ్. ఎట్లుండెనో ఒక్కనాడన్న చెప్పినవా?”

రుద్రమ్మ ఫోటో వైపు చూసింది. తనతో ఒక్క కంచంలో తిని పెరిగిన కొడుకు, తండ్రి ముఖాన్ని దుమ్మనుకున్నాడు. చెప్పాల్సింది తనే. చెప్పలేదు.

దివ్యశ్రీ పొయ్యి కట్టేసి పెట్టెలోంచి పాత ఫోటో తెచ్చింది. స్కానర్ అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచింది. చుక్కలు చెరిపే సెట్టింగు తీసేసి ఒకసారి స్కాన్ చేసింది. ఫోటోను తలకిందులుగా తిప్పి మళ్లీ చేసింది.

“రెండిట్ల ఒక్క జాగల్నే ఉన్నది అద్దం మీది దుమ్ము అత్తమ్మా. ఫోటోతోని తిరిగింది ఫోటోది. కానీ అండ్ల బూజేదో, మచ్చేదో నాకు తెల్వదు. జర నువ్వే చెప్పాలె.”

కంప్యూటర్ తెర నిండా ఆ ముఖం వచ్చింది. రుద్రమ్మ అద్దాలు పెట్టుకుని దగ్గరికి జరిగింది. చూపుడువేలు తెర మీద పెట్టింది.

“ఇది బూజు, తియ్యి. ఇది సుత తియ్యి. ఇది ఉండనియ్యి.” వేలు గడ్డం దగ్గర ఆగింది. “గీడ గడ్డం గీస్కుంటే కత్తి తగిలి నెత్తురొచ్చేది. పసుపు పెడ్తే మండుతదని నన్నే తిట్టేటోడు.”

తండ్రి తిట్టేవాడని విజయేందర్‌కు ఇవాళే తెలిసింది. వెనకనుంచి వంగి, ముక్కు పక్కనున్న చిన్న గుంట మీద వేలు పెట్టాడు.

“గిదమ్మా? గిది దుమ్మా?”

రుద్రమ్మ అతని చెయ్యి పట్టుకుని, ఆ వేలును అక్కడే ఉంచింది.

“కాదు బిడ్డా. గది మీ నాయన.”