ఏడో మంచం లైను

ఆ ఆసుపత్రి ఐసీయూలో ఏడో మంచానికి చెడ్డపేరుంది. అక్కడ పడుకున్నవాళ్ళ చెవిలో ఎవరో గుసగుసలాడతారట. అదీ కుడి చెవిలోనే... గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనిపడుతుంది.

ఇది నాకు చెప్పింది మా మనవరాలు. అక్కడే డాక్టరు. ఆ గదికి కిటికీల్లేవు. బయట మిట్టమధ్యాహ్నమైనా లోపల రాత్రే.

ముందు ఒక సంగతి విడమరిచి చెప్తాను. రోగి మరీ ప్రమాదంలో ఉంటే మందెక్కించడానికి చేతి నరం చాలదు. నరమంటే రక్తనాళమే లెండి. గొంతు నుంచి భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక కింద, కుడివైపున సూది గుచ్చుతారు. అందులోంచి సన్నని తీగ తోసి, దాని మీదుగా మెత్తని గొట్టం గుండె దగ్గరికి దింపుతారు. దాన్నే 'లైను' అంటారు. ఏడో మంచంలో ఆ నెల పెట్టిన మూడు లైన్లూ కిందికి దిగకుండా మెడలోకి ఎక్కాయి!

"ఆ మంచం మీద పోయినావిడ టెలిఫోన్ ఆపరేటరు," అంది పెద్ద నర్సు టీ గదిలో, గొంతు తగ్గించి. "బతికినన్నాళ్ళూ లైన్లు కలిపింది. ఇప్పుడు మనవి రాంగ్ నంబరుకి కలుపుతోంది."

"అయితే ఎంక్వైరీకి ఫోన్ చేద్దాం అక్కా," అని నవ్వింది మనవరాలు. నవ్విందే గాని, ఆ మూడింట్లో రెండు తను పెట్టినవే. అనుమానం మంచం మీదా... తన చేతి మీదా?

మర్నాడు ఆ మంచం మీదికి ఒక దర్జీ వచ్చాడు. ఇన్ఫెక్షను రక్తంలోకి పాకింది. బీపీ పడిపోతోంది. లైను సరిగ్గా దిగితేనే మందు ఎక్కేది. తప్పితే, తీసి మళ్ళీ మొదట్నుంచీ పెట్టేంత వ్యవధి లేదు.

గొట్టం వెళ్ళింది. దాన్ని కడగడానికి మనవరాలు సిరంజితో ఉప్పునీళ్ళు తోసింది.

"డాక్టరమ్మా..." దర్జీ కళ్ళు పెద్దవయ్యాయి. "కుడి చెవిలో... ఎవరో..."

పెద్ద నర్సు ఒకడుగు వెనక్కి వేసింది. "చెప్పానా!"

మనవరాలు నొక్కడం ఆపేసింది.

"ఆగిందమ్మా," అన్నాడు.

మళ్ళీ నొక్కింది.

"మళ్ళీ... గుసగుస..."

అప్పుడు తట్టింది — గుసగుస సిరంజి చెప్పినట్టు వింటోంది! గొట్టం మెడలోకి ఎక్కింది గనక, తోసిన నీళ్ళు చెవి దగ్గర్లో పారుతున్నాయి. ఆ చప్పుడే దెయ్యం.

మరి ఈ మంచంలోనే ఎందుకు? అతని చూపు ఎటుందో చూసింది. ఎడమవైపు తలుపు. తలుపుకి గుండ్రటి అద్దం. అద్దంలోంచి అతని భార్య ముఖం... మిగతా మంచాలకి ఆ తలుపు కుడివైపు. ఇక్కడ మాత్రం, తమవాళ్ళ కోసం అందరూ తల ఎడమకి తిప్పేస్తారు. అలా తిప్పితే కుడివైపు మెడ నరం తీగకి తేలిగ్గా దారిస్తుంది.

"అన్నా, ఇటు తిరుగు."

"అటు మా ఆవిడుంది తల్లీ."

"ఎవరైనా వదినని ఈ పక్కకి తీసుకురండి. దూరంగా నిలబెట్టండి."

అతని తల కుడికి తిరిగింది. మనవరాలు తీగ మళ్ళీ దూర్చి, తీగనీ గొట్టాన్నీ కలిపి బాగా వెనక్కి లాగింది. తీగ కొస వంపు ఈసారి కాళ్ళవైపు. కొత్త గ్లవుజులేసుకుని పెద్ద నర్సు మెడ కింది గుంటలో వేలుతో నొక్కిపట్టింది, పైదారి మూసేందుకు. మనవరాలు మెల్లగా తోసింది... తీగ తీసేసి, సిరంజి నొక్కింది.

కుడి చెవిలో ఏ చప్పుడూ లేదన్నాడు దర్జీ.

ఎక్స్‌రేలో లైను నిటారుగా గుండె దగ్గర. మందు ఎక్కింది. తెల్లారేసరికి బీపీ నిలబడింది.

మూడోరోజు దర్జీ లేచి కూర్చున్నాడు. మనవరాలు బొమ్మ గీసి మరీ అంతా వివరించింది. అతను బుద్ధిగా విన్నాడు.

"కుడి చెవిలోది నీళ్ళేనంటావు. సరే తల్లీ. మరి నువ్వు చివరిసారి నొక్కాక, ఎడమ చెవిలో మాట్లాడిందెవరు?"

"...ఏమని?"

"ఎవరో ఆడమనిషి. చాలా మర్యాదగా అంది... 'లైను కలిసిందండీ. మాట్లాడండి' అని."