గోడ అవతలి చప్పుడు

పట్టపగలు పదకొండు గంటలకు ఎవరైనా తలుపు అంత గట్టిగా బాదుతారా? సారిక చేతిలోని స్క్రూడ్రైవర్ కూడా కింద పెట్టకుండా వెళ్లి తలుపు తీసింది.

ఎదురుగా నలిగిన బనియన్, చెదిరిన జుట్టు. ఎంత కడిగినా వదలని బొగ్గు దుమ్ము కళ్ల అంచున కాటుకలా ఉండిపోయింది. నాలుగు రోజుల కిందట పక్క క్వార్టర్లో దిగిన అబ్బాయి.

"మేడం, నాది నైట్ షిఫ్టు. రాత్రంత బొగ్గుబాయిల పంపు కాడ ఉండి, పొద్దుగాల ఏడింటికి పైకొచ్చిన. జర కన్ను మూద్దామంటె మీ ఇంట్ల పిండిగిర్ని నడుస్తున్నది."

"పిండిగిర్ని కాదు," అంది సారిక, తన పిల్లనెవరో నల్లగా ఉందన్నట్టు. "కంప్యూటర్ల బొమ్మ గీస్తే దాన్ని చెక్క మీద చెక్కే మిషన్. నేనే తయారుచేసిన."

"మంచిదే. కాని నేను పండుకునేదెట్ల?"

"చెవుల దూది పెట్టుకోండ్రి."

తలుపు మూయబోయింది. అతను కదల్లేదు.

"ఇంకో మాట. మీ మిషన్ ఎడమ దిక్కు పోయేటప్పుడు 'సర్ర్... టక్' అంటది. కుడి దిక్కు వచ్చేటప్పుడు టక్ అనది. ఎడమ బేరింగ్ పోయింది, చూస్కోండ్రి."

"మీరు ఇంజనీరా?"

"పంపు ఆపరేటర్ను. మా పంపు దగ్గితె నాకు జ్వరమొచ్చినట్టు అయితది."

ఈసారి తలుపు నిజంగానే మూసుకుంది. కాస్త గట్టిగానే.

సారిక వచ్చి మిషన్ ముందు కూర్చుంది. కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకోవడం ఆమె ఉద్యోగం. ఒంటిగంటకు వెళ్తే చాలు. పొద్దుటి పూటంతా ఈ వెనక గదిలోనే గడిచిపోతుంది. చచ్చిపోయిన రెండు ప్రింటర్ల మోటార్లు, వాటి కడ్డీలు, ఒక పాత డ్రిల్లు, ఎవరో పారేసిన కంప్యూటర్, అన్నీ కలిసి ఆ మిషన్ అయ్యాయి. అంతా బాగానే ఉంది కానీ, చెక్కే గీత ఒకచోట వంకర పోతోంది. రెండు వారాలుగా మోటారు మార్చింది, ప్రోగ్రాం తిరగరాసింది. అయినా వంకర తీరలేదు.

పది నిమిషాలు అభిమానం అడ్డుపడింది. తర్వాత ఎడమ బేరింగ్ విప్పింది.

లోపల ఒక గోలీ రెండుగా పగిలి ఉంది.

ఆ సాయంత్రం తల్లి సాయమ్మ చేసిన సకినాలు గిన్నెలో పెట్టుకుని సారిక పక్క క్వార్టర్ తలుపు కొట్టింది, మెల్లగా.

"బేరింగే," అంది.

అతను నవ్వలేదు, గెలిచినట్టు చూడలేదు. "పాతది పారేసిన్రా? ఏదీ, చూస్త," అన్నాడు, రోగి ఎట్లా ఉన్నాడని అడిగినట్టు. అప్పుడే సారికకు మొదటిసారి అతను నచ్చాడు. ఆ సంగతి ఆమెకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

పేరు శాంతిరాజ్. వాళ్లది రామకృష్ణాపూర్. తండ్రి లేడు, తల్లి అక్కడే ఉంటుంది. మాటల్లోనే ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. అతనికి నైట్ షిఫ్టు ఉన్న వారం మిషన్ సాయంత్రం నడుస్తుంది, మిగతా వారాలు పొద్దున.

నైట్ షిఫ్టు వారాల్లో శాంతిరాజ్ సాయంత్రం నిద్ర లేచి, టీ గ్లాసుతో నేరుగా వెనక గదికి వచ్చేవాడు. కంప్యూటర్ సంగతి అతనికి తెలియదు, మిషన్ ఒళ్లు తెలుసు. ఆమె ఆజ్ఞలు రాస్తే అతను చెవి పెట్టి వినేవాడు.

"కొంచెం జల్ది పోతున్నది. కోమలంగ పొమ్మను."

"కోమలంగ అంటె నంబర్ ఎంత?"

"నంబర్ నాకేమెరుక? నువ్వు నన్ను తిట్టనప్పుడు ఎట్ల మాట్లాడ్తవో, గట్ల."

"ఎప్పుడు తిట్టలే?"

"గదే కదా, ఎప్పుడు వింటనా అని చూస్తున్న."

బయట నుంచి సారిక తండ్రి యిర్మియా దగ్గేవాడు. వర్క్‌షాపులో ఫిట్టర్ ఆయన, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది; శాంతిరాజ్ బాబాయి వరస పెట్టి 'కాక' అని పిలిచేవాడు. ఆ దగ్గు జలుబుది కాదని, 'నేనిక్కడే ఉన్న' అని చెప్పడమేనని ఇద్దరికీ తెలుసు.

శ్రావణం వానలు మొదలైన వారం కంపెనీ ఆఫీసు నుంచి యిర్మియా పేరు మీద కాగితం వచ్చింది. క్వార్టర్లో చప్పుడు చేసే మిషన్ నడుపుతున్నట్టు పక్క క్వార్టర్ వారి దరఖాస్తు వల్ల తెలిసిందనీ, వారంలోగా తీసేయకపోతే క్వార్టర్ రద్దు చేయాల్సి వస్తుందనీ దాని సారాంశం.

ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆయనకు వచ్చిన మొదటి నోటీసు అది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చదివాడు. సారిక అదే చూడలేకపోయింది.

వానలోనే పక్కింటికి వెళ్లింది. "ఇది రాసిందెవరు?"

శాంతిరాజ్ కాగితం చూశాడు. ముఖం పాలిపోయింది. అబద్ధం ఆడదలిస్తే ఆడొచ్చు, అవతలి పక్క ఇంకో క్వార్టర్ ఉంది.

"నేనే."

"ఏంది?"

"నువ్వు చెవుల దూది పెట్టుకోమన్న రోజు. వేరే క్వార్టర్ ఇయ్యమని రాసిచ్చిన. కారణం రాయుమంటె, పక్కింట్ల మిషన్ చప్పుడు అని రాసిన. మీ మీద కంప్లెయింట్ కాదు సారికా. తర్వాత దాని సంగతే మర్చిపోయిన."

"రెండు నెల్ల సంది మా ఇంట్ల టీ తాగుకుంట మర్చిపోయినవా?"

జవాబు కోసం ఆగకుండా ఆమె మళ్లీ వానలోకి దిగింది.

తర్వాత నాలుగు రోజులు వెనక గది తాళం తీయలేదు. ఇంట్లో ఎవరూ పొమ్మనకపోయినా సారిక కాలేజీకి పొద్దున్నే వెళ్లిపోయింది. పక్కింటి తలుపు చప్పుడైతే తల తిప్పుకుంది. తల తిప్పుకోవడానికి ముందు ఆ తలుపు వైపు చూస్తోందన్న సంగతి మాత్రం తనకు తానే ఒప్పుకోలేదు.

ఐదో రోజు యిర్మియా డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ అన్నాడు. "శాంతిరాజ్ ఆఫీసుల కనబడ్డడు బిడ్డా. తప్పు నాదే సార్, కాక మీద ఏం రాయకుండ్రి అని సార్ ముంగట నిలబడ్డడు. నోటీసు పక్కకు పెడ్తమన్నరు, మిషన్ మాత్రం తియ్యాలె అన్నరు."

"తీస్త," అంది సారిక పొడిగా.

"ఇంకో సంగతి. పిలగానికి వేరే క్వార్టర్ శాంక్షనైంది. మూల క్వార్టర్, చెట్లు, చప్పుడు లేదు, ఏం లేదు. వద్దని రాసిచ్చిండు."

సారిక తల ఎత్తింది. "ఎందుకంట?"

"నన్నడిగితె? ఆయిననే అడుగు."

అడగాల్సిన అవసరం రాలేదు. మర్నాడు శాంతిరాజే వచ్చి గడప బయట నిలబడ్డాడు. వడ్రంగి కొమురెల్లి షెడ్డులో సగం ఖాళీగా ఉందట, కరెంటు కూడా ఉందట, ఊరికే ఇస్తానన్నాడట. తలుపుల మీద తీగలు చెక్కి పెడితే చాలట.

"ట్రాలీ ఆటో తెచ్చిన. నా మీద కోపం ఉంచుకో. మిషన్ కడుపు ఎండబెట్టకు."

ఇద్దరూ మిషన్‌ను ఎత్తి ఆటోలో పెట్టారు. దారిలో వాన అందుకుంది. ఇద్దరూ టార్పాలిన్ చెరో కొస పట్టుకుని మిషన్ మీద గొడుగులా వంగారు. మిషన్ తడవలేదు, వాళ్లిద్దరూ ముద్దయ్యారు.

"ఆ క్వార్టర్ ఎందుకు వద్దన్నవు?" అడిగింది సారిక, టార్పాలిన్ వైపు చూస్తూ.

"ఐదు రోజుల సంది నీ గది బందు. గోడకు చెవి పెట్టినా ఏం ఇనబడదు. నిద్ర పడ్తలేదు."

సారిక నవ్వు ఆపుకుందామనుకుంది. వాన నీళ్లు ముఖం మీద కారుతున్నాయి కదా, కనబడదులే అనుకుంది. కనబడింది.

పది రోజులకు షెడ్డులో మిషన్ మొదటి తలుపు చెక్కుతోంది. వాన వెలిసింది. కొమురెల్లి ఆవలి మూల చిత్రిక పడుతున్నాడు. డ్రిల్లు హోరులో శాంతిరాజ్ ఆమె పక్కకు వచ్చి ఏదో అన్నాడు.

"ఏంది?"

మళ్లీ అన్నాడు.

"ఇనబడ్తలే! గట్టిగ చెప్పు!"

శాంతిరాజ్ ఊపిరి నిండా పీల్చి గొంతు పెంచాడు. సరిగ్గా అప్పుడే తీగ కొసన చివరి ఆకు పూర్తయి మిషన్ ఠక్కున ఆగింది.

"...నిన్ను పెండ్లి చేసుకుంటనన్న!"

కొమురెల్లి చిత్రిక ఆగింది. రోడ్డు అవతల దర్జీ కుట్టుమిషన్ ఆగింది. గుమ్మంలో టీ గ్లాసులతో వచ్చిన యిర్మియా కూడా ఆగాడు. శాంతిరాజ్ చెవులు ఎర్రబడ్డాయి.

యిర్మియా గ్లాసులు బల్ల మీద పెట్టాడు. "ఇనబడ్డది. కాని చేసుకుంటనని చెప్పుడు కాదు. చేసుకుంటవా అని పిల్లను అడగాలె."

శాంతిరాజ్ ఆమె వైపు తిరిగాడు. ఈసారి గొంతు లేవలేదు. "చేసుకుంటవా?"

సారిక చున్నీకి అంటిన చెక్కపొట్టు దులుపుకుంది. ఎంత దులిపినా అయిపోలేదు. చివరికి తలెత్తి, "చేసుకుంట," అంది.

ఆ మాటకు అతని ముఖంలో వచ్చిన వెలుగు చూసి ఆమెకే సిగ్గేసి, టీ గ్లాసు అందుకుంది.

"ఆదివారం మీ అమ్మను రమ్మను," అన్నాడు యిర్మియా. "ప్రార్థన అయినంక మా ఇంట్లనే భోజనం. యాటకూర తింటదా?"

"తింటది కాక."

యిర్మియా కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"ఇగో పిలగా, నన్ను కాక అంటె ఇది నీకు చెల్లె అయితది. ఇయ్యాల్టి సంది మామ అను."