పాత వరసలో చదివే గొంతు

జర్మన్లు వలస వచ్చి కట్టుకున్న కాల్టెనావు ఊళ్లో, పొద్దు వాలాక పాత స్మశానం పక్కనుంచి ఎవరూ నడవరు. మందు కొట్టినవాడు కూడా చుట్టు తిరిగే పోతాడు. పాత సమాధుల వరసల్లోంచి ఎవరో జర్మన్‌లో చదువుతుంటారట… నెమ్మదిగా, ఒక్కో పేరూ. చచ్చినవాళ్లు తమ పేర్లు మరిచిపోకుండా వల్లె వేసుకుంటున్నారని చెప్పుకుంటారు.

ఎర్నా నోస్కెకి ఆ సాయంత్రం దెయ్యాల ధ్యాసే లేదు. కోపంతో ఒళ్లు మండిపోతోంది. సోమవారం చర్చి కమిటీ వాళ్లు పాత సమాధి రాళ్లు పీకి గోడకి ఆనించేస్తారు. ఈలోగా ఎవరైనా వచ్చి "ఇది మావాళ్లది" అని చూపిస్తే ఆ రాయి మాత్రం కదపరు. ఎర్నా వాళ్లమ్మ పౌలీనె ఇక్కడే ఉంది, ఫ్లూ వచ్చిన ఏడాది నుంచీ. కానీ ఎక్కడ?

మధ్యాహ్నం నుంచి రాళ్లు రుద్దుతూనే ఉంది. నాచు కింద కొంకర్లు తిరిగిన పాత జర్మన్ అక్షరాలు. ఎర్నా ఇంట్లో మాట్లాడేది జర్మనే, చదవడం మాత్రం రాదు. తను బడిలో చేరిన ఏడాదే జర్మన్లతో యుద్ధం పేరు చెప్పి ప్రభుత్వం వాళ్లు జర్మన్ బడులు మూసేశారు. కొత్త పాస్టరుకీ రాదు. పోనీ నాన్న పక్కన వెతుకుదామంటే ఈ చర్చి పద్ధతి వేరు. మొగుడూ పెళ్లాలైనా సరే, ఎవరి తర్వాత ఎవరు పోతే ఆ వరసలోనే పడుకోవాలి.

"అమ్మ పేరు చదవలేని కూతురు! ఇంతకన్నా దరిద్రం ఉందా?" అని బ్రష్ విసిరికొట్టింది.

అప్పుడే… వినిపించింది.

"ఇక్కడ… దేవుని ఒడిలో… నిద్రిస్తున్నది…" అచ్చమైన పాత జర్మన్‌లో.

గేటు దగ్గర ట్రక్కులో ఉన్న మొగుడు ఆస్కార్ గొంతు తగ్గించి, "ఏమే, వచ్చెయ్! అదే… అదే!" అన్నాడు.

ఎర్నా ఆ మాట పట్టించుకోలేదు. గొంతు వచ్చినవైపే నడిచింది. చదవడం వచ్చినవాడు ఇన్నాళ్లకి దొరికాడు మరి.

"దెయ్యానివైతే అవు," అంది. "మా అమ్మ పేరు చదివిపెట్టి… తర్వాత నా పీక పిసుకు."

రాయి వెనక నల్లటి ఆకారం కదిలింది — ఒక ముసలాయన. వేళ్లు అక్షరాల గాడిలో ఉన్నాయి. ట్రౌగాట్! గోడవతల ఉంటాడు. ఈ రాళ్లన్నీ చెక్కింది ఆయనే. చూపు పోయి పదేళ్లు, అందుకే ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

"భయపెట్టానా తల్లీ? పగలొస్తే జనం ఎందుకొచ్చావని అడుగుతారు."

"పౌలీనె లిండ్నర్. ఫ్లూ ఏడాది. ఎక్కడ పెద్దాయనా?"

ఆయన వెతుక్కోలేదు. ఎడమ చెయ్యి చాచి పక్క రాయిని తాకాడు. "ఇదే."

ఎర్నా ఆ రాయిని వాటేసుకుని భోరుమంది.

"ఆగు తల్లీ," అన్నాడు గుసగుసగా. "రాయి ఇదే… కింద ఉన్నదెవరో నాకు తెలీదు. ఆ రాత్రి ఇద్దరు పోయారు — మీ అమ్మా, బేర్తా అనే ఆవిడా. ముందు పోయినవాళ్లకి ఎడమ గుంట. ఎవరు ముందో చెప్పడానికి ఫ్లూ జ్వరాలతో ఏ ఇంట్లోనూ ఒంటిమీద స్పృహ ఉన్నవాడు లేడు. పాతిపెట్టినవాడూ మర్నాడే పోయాడు. నేను ఊహ మీద రాళ్లు నిలబెట్టేశాను. తారుమారు చేశానేమో… నలభై అయిదేళ్లుగా అదే బాధ. అందుకే వస్తాను."

ఎర్నా చప్పున ఆ రాయిని వదిలేసింది. రెండు రాళ్ల మధ్యన కూలబడింది. "అమ్మా!" అని గొంతు చించుకుని కేకేసింది.

యూకలిప్టస్ చెట్ల మీంచి కాకటూ చిలకలు అరుచుకుంటూ లేచిపోయాయి. అంతే…

"నేనూ రోజూ ఇద్దర్నీ పిలుస్తాను తల్లీ," అన్నాడు ముసలాయన. "ఒక్కరూ పలకరు."