డబ్బా నీళ్ళు

పొద్దున్నే అద్దకం షెడ్డు నుంచి రంగు ఉడుకుతున్న వాసన ఇంటి నిండా కమ్ముకుంది. రంగుల మేస్త్రి ముఖం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆయన భార్య తండ్రీకొడుకులకు కొన్న డబ్బా నీళ్ళు పోసి, తనకూ కూతురికీ పెరటి బావి నీళ్ళు ముంచుకుంది. ఏళ్ళుగా ఆ ఇంట్లో అదే వరస. కష్టపడేది మగవాళ్ళేనట, మంచినీళ్ళూ వాళ్ళకేనట!

"బావి నీళ్ళు తాగొద్దని వీధంతా చాటింపేశావట?" మేస్త్రి కూతుర్ని నిలదీశాడు.

"అవును నాన్నా. కాలేజీ ల్యాబులో పరీక్ష చేశాం. మన షెడ్డు రంగునీళ్ళు పారబోసే గుంటలోంచి బావిలోకి దిగుతున్నాయి."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడానికా నిన్ను చదివించింది? ఇవాళ్టితో నీ కాలేజీ బంద్!"

"ఆడపిల్లకి చదువెక్కువైతే ఇంతే," అన్నాడు అన్న, పదో తరగతి గట్టెక్కని ఘనుడు.

కూతురికి ఒళ్ళు మండిపోయింది. "నేను చదువు మానేస్తే బావి బాగుపడుతుందా?"

"నోర్ముయ్!"

ఏనాడూ గొంతు పెంచి ఎరగని ఇల్లాలు విసురుగా లేచింది. భర్త ముందున్న గ్లాసు లాగేసి, బావి నీళ్ళ గ్లాసు ఠపీమని పెట్టింది.

"తాగండి."

"ఏంటే ఈ వేషాలు?"

"నీళ్ళు ఉప్పగా ఉన్నాయంటే నా నాలుకే బాగోలేదన్నారు. కడుపునొప్పంటే తిండి తేడా అన్నారు. నేను చెప్తే నస. అది చదువుకుని రుజువు పట్టుకొస్తే పొగరా? తాగండి!"

మేస్త్రి పౌరుషంగా గుక్కెడు నోట్లో పోసుకున్నాడు. ఉప్పు, దాని వెనకే రంగు మందు వాసన. పొద్దస్తమానం తన చేతులతో కలిపే మందే అది. మింగలేక పెరట్లోకి పరిగెత్తి ఉమ్మేశాడు. తిరిగొచ్చేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇన్నాళ్ళూ ఇదేనా మీరు తాగుతోంది?"

"చెప్తూనే ఉన్నాను. వింటే కదా!"

మేస్త్రి తల దించుకుని, కూతుర్ని అడిగాడు.

"ఆ గుంటకేం చెయ్యాలో తెలుసా నీకు?"

"కొంత తెలుసు. మిగతాది నేర్చుకోవాలి."

"అయితే కాలేజీకి బయల్దేరు. నువ్వు చెప్పేదాకా షెడ్డు మూసే ఉంచుతాను."

కొడుకు అలవాటుగా డబ్బా వంచి గ్లాసు నింపుకున్నాడు. మేస్త్రి ఆ గ్లాసు లాక్కుని భార్య చేతిలో పెట్టాడు.

"ముందు మీ అమ్మ తాగాలిరా."

ఆవిడ ఏడుస్తూనే ఆ నీళ్ళు తాగింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.