మితపాలినికి అడ్డుపడిన స్పానరు

మద్దిలేటి కారు షెడ్డు గుమ్మం దాటి లోపలికొచ్చిందో లేదో, ఇంధనం వాడకాన్ని అదుపుచేసే యంత్రం మితపాలిని గొంతు పైకప్పు నుంచి ఉరిమింది. ఇంజను తక్షణం ఆపాలట.

మెకానిక్ కుళ్ళాయమ్మ బానెట్ ఎత్తి చూసింది. ఉప్పుబయలు దాటి వచ్చిన బండిలో, ఇంజనుకు గాలి ఎక్కించే టర్బో ఎర్రగా కాలి ఉంది. ఇప్పుడు ఆపితే నూనె పారడం ఆగుతుంది; ఆగిన నూనె ఆ వేడికి మాడి, బేరింగులో మసిబొగ్గయి కూర్చుంటుంది. కాసేపు ఇంజన్ని ఊరికే తిరగనిస్తే పదేళ్ళయినా చెక్కుచెదరదు. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆ మాయదారి మితపాలిని చెవికెక్కితేగా? నిలబడ్డ బండిలో కాలే ప్రతి చుక్కా దానికి దొంగతనమే.

పోయిన నెల ఇదే కారులో టర్బో బిగిసి, ఓబన్న అనే డ్రైవరు బయలు నడుమ చిక్కుకుపోయాడు. ఎండ అతణ్ణి మిగల్చలేదు. మితపాలిని కొత్త టర్బో మంజూరు చేసి చేతులు దులుపుకుంది. ఇప్పుడీ కారు తోలేది కుళ్ళాయమ్మ తమ్ముడు మద్దిలేటి. అవతలి గుడారాలకు మందులు చేర్చడానికి సాయంత్రంలోగా మళ్ళీ బయలుదేరాలి.

డ్యాష్‌బోర్డు కింద ఇంజను ఆపే కోతమీట దానంతటదే దిగబోయింది. కుళ్ళాయమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి స్పానరు అడ్డం దూర్చింది.

మద్దిలేటి ముఖం పాలిపోయింది. నీడచీటీ పోతే ఇద్దరం ఎండలో చస్తామని గొణిగాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఓబన్నను మోసుకొచ్చినపుడు నువ్వూ సూసినావు కదరా. నోర్మూసుకోని కూకో."

"వృథా దహనం. కారణం చెప్పు," అంది మితపాలిని.

"సల్లారల్ల."

"అలాంటి కారణం నమోదులో లేదు. నీ నీడచీటీ రద్దు."

చల్లని గది, నీళ్ళ వాటా, అన్నీ ఒక్క మాటతో పోయాయి. కుళ్ళాయమ్మ స్పానరు మాత్రం వదల్లేదు.

ముందున్న బండి ఆగితేగాని వెనకదాని మీట దించడం మితపాలినికి చేతకాదు. అలా గుమ్మం బయటిదాకా వరసకట్టిన కార్లన్నీ గురగురమంటూ నిలబడిపోయాయి. చేత్తోనే ఆపమని అది డ్రైవర్లను గద్దించింది. ఓబన్న ఎలా పోయాడో తెలియనివాడు వాళ్ళలో లేడు. ఒక్కరూ తాళం ముట్టుకోలేదు.

వరస మొత్తం కాలుస్తున్న ఇంధనం లెక్క నిమిషనిమిషానికీ పెరిగింది. తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మితపాలిని ఒక మనిషిని అడిగింది.

"ఎంతసేపు?"

మద్దిలేటి చెయ్యి చాచాడు. అక్క చేతిలోని స్పానరు తన చేతిలోకి తీసుకుని, మీట కింద ఇంకాస్త లోపలికి నెట్టాడు.

"మాయక్క సాలు అనేదాకా."